సీల బిగించి చూడని చిత్రిక

అనగా అనగా, అడవికి గొడ్డలి భయం ఇంకా అంతగా తెలియని రోజుల్లో, మ్రానుగల్లు అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి ఒక రాజు, రాజుకి ఒక కోట, కోట పక్కన ఒక వడ్రంగి కొట్టం. ఆ కొట్టానికి పెద్ద కాటోజు.

కాటోజు చేతిపని గొప్పది. అంతకంటే గొప్పది ఆయన పట్టింపు. మంచం కోడు గోరంత తేడా వస్తే ఆ మంచం మీద ఎవర్నీ కూచోనిచ్చేవాడు కాదు. ఆయన్ని ఎవరైనా ఒక మాట అంటే, అన్న మనిషి మరిచిపోవచ్చు, కాటోజు మరిచిపోడు. ఏ పెళ్ళిలో ఎవరు తనకి రెండో పంక్తిలో విస్తరి వేశారో ముప్పై ఏళ్ళ తరవాత కూడా పేరుతో సహా చెప్పేవాడు.

ఒక ఏడు రోహిణి కార్తెలో రాజుగారు ఆయన్ని పిలిపించారు. విత్తనాల గాదె పాతబడింది, తొలకరి లోపల కొత్తది నిలబెట్టమన్నారు.

ఆ గాదె సంగతి మీకు చెప్పాలి. ఆ రాజ్యంలో నలభై ఊళ్ళ విత్తనాలు ఒకే గాదెలో దాచేవారు. పది మూరల టేకు పలకలు అంచుకి అంచు ఆనించి కట్టిన గాదె అది. రెండు పలకల నడుమ వెలుగు కూడా దూరకూడదు. వెలుగు దూరిన చోట వాన దూరుతుంది, వాన దూరితే నలభై ఊళ్ళ మరుసటేటి కూడు కుళ్ళిపోతుంది.

అంత పొడుగు అంచు నున్నగా, తిన్నగా రావాలంటే, నోట్లో ఉలి బిగించి కర్ర పైపొర కోసే చిత్రిక పొడుగుది ఉండాలి. పొట్టి చిత్రిక పలక మీద మిట్ట వస్తే మిట్ట ఎక్కుతుంది, పల్లం వస్తే పల్లంలోకి దిగుతుంది. పలక ఎలా ఉంటే అలా పోతుంది, మంచీ చెడూ చూడదు. మూరన్నర చిత్రిక అలా కాదు. మిట్టల మీదే కూచుని వాటినే కోస్తుంది. అన్ని మిట్టలూ పోయాకే పొట్టు చివరిదాకా తెగకుండా వస్తుంది. ఈ మాత్రం తెలియని వాళ్ళు కూడా ఇప్పుడు వడ్రంగులమని చెప్పుకుంటున్నారు, పోనివ్వండి.

కాటోజు పొడుగు చిత్రిక పనికిరాకుండా పోయింది. దాని అడుగు ఎప్పుడూ ఏదో కాస్త తేడాగా ఉండేది. రెండేళ్ళకోసారి ఆయన దాన్ని తిరగేసి అరగదీసి సరిచేసేవాడు. చిత్రిక అడుగు అరగదీసిన కొద్దీ, పొట్టు పైకొచ్చే నోరు వెడల్పవుతుంది. నోరు వెడల్పైన చిత్రిక కర్రని కొయ్యదు, పీకుతుంది.

కొత్తది చేసుకుందామంటే కొత్త కర్ర మూడేళ్ళు ఒంగుతుంది, ఎండుతుంది, ఆ తరవాత గానీ మాట వినదు. తొలకరికి నెల కూడా లేదు. అందుకని ఆయన దండోరా వేయించాడు. ఎవరి దగ్గరైనా వాడిన పొడుగు చిత్రిక ఉంటే తీసుకురండి, పరీక్ష చేసి, నిలిచినదాన్ని తీసుకుంటాను అని.

మొదట నాగిసెట్టి అనే వర్తకుడు వచ్చాడు. జిట్రేగి కర్ర చిత్రిక, లక్క మెరుగు, ముక్కు మీద దంతంతో చిలక. నాగిసెట్టి ఆ చిలక ఏ రాజు కొలువులో చెక్కారో, ఎంతమంది అడిగినా తను ఎలా ఇవ్వలేదో చెప్పుకుపోయాడు. కాటోజు వినలేదు. చిత్రిక వెల్లకిలా వేసి, అడుగు మీద ఆ చివర ఒక పుల్ల, ఈ చివర ఒక పుల్ల అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. ఒక పుల్ల ఎడమకి వాలితే రెండోది కుడికి వాలింది. చిత్రిక ఒళ్ళంతా మెలి తిరిగి ఉంది.

"చిలక బాగుంది సెట్టీ, పంజరంలో పెట్టుకో," అన్నాడు కాటోజు.

తరవాత కోట కావలివాడు బొల్లయ వచ్చాడు. అతని చిత్రిక నల్లగా, బరువుగా, నూనె కారుతూ ఉంది. కాటోజు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టాడు. గట్టి కర్ర ఖంగుమనాలి. ఇది డొల్లగా మోగింది. గోటితో గీరితే నోటి పక్కన పగులు, పగుల్లో లక్క, లక్కలో రంపపు పొట్టు. ఆ నూనె దాన్ని దాచడానికి పూసింది.

ఎక్కడిదని అడిగితే, మామగారిచ్చారని చెప్పాడు బొల్లయ.

"మీ మామకి నీ మీద ఏం కోపం నాయనా," అని అడిగి చిత్రిక అతని చేతిలో పెట్టాడు కాటోజు. కొట్టంలో వాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయనకి ఇష్టం.

మూడో మనిషిగా వచ్చింది ఒక ఆడపిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. పాత పంచలో చుట్టిన మూట చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చి, మధ్యాహ్నం కూలీలందరూ అన్నాలకి పోయిన వేళ కొట్టం గుమ్మంలో నిలబడింది. కాటోజు మూట విప్పాడు. చండ్ర కర్ర చిత్రిక. మెరుగు లేదు, బొమ్మ లేదు. ఏడాదికోసారి ఎవరో పల్చగా నూనె రాసినట్టు కర్ర చల్లగా ఉంది. ఆయన అలవాటుగా పిడి పట్టుకున్నాడు.

బొటనవేలు కూచోలేదు.

పిడి మీద ఏళ్ళ తరబడి బొటనవేలు ఒత్తుకుని ఏర్పడిన గుంట ఉంది. ఆ గుంట ఎడమ చేతిది. మ్రానుగల్లులో ఎడమ చేత్తో చిత్రిక పట్టినవాడు ఒక్కడే.

"అయితోజు కూతురివా?"

"అవును పెదనాన్నా. నా పేరు మాచమ్మ."

కాటోజు చిత్రిక కింద పెట్టేశాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట కాటోజూ అయితోజూ జతగాళ్ళు. కాటోజు పెద్దవాడు, అయితోజు చిన్నవాడు. అన్నా అని పిలిచేవాడు. ఆ రాజ్యంలో గాదె పలకలకి ఒక ఆనవాయితీ ఉంది. ఒక పలక అంచు ఒకడు చిత్రిక పడితే, దానికి ఆనే ఎదురంచు రెండోవాడు పట్టాలి. పాత గాదె అలాగే ఆ ఇద్దరూ కట్టారు.

ఆ ఏడు వానలకి పలకల నడుమ బియ్యపు గింజంత సందు తేలింది. నీళ్ళు దిగాయి. విత్తనాలు గాదెలోనే మొలకెత్తి, గాదెలోనే కుళ్ళాయి. నలభై ఊళ్ళు ఆ ఏడు అడవి దుంపలు తవ్వుకు తిన్నాయి. దుంపలు అరగని చంటిపిల్లలు కొందరు పోయారు కూడా.

ఎవరి అంచు తప్పు అని పంచాయితీ కూచుంది. ఇద్దరి చిత్రికలూ తెచ్చారు. ఉలి ఊడదీశారు, ఉలిని కదలకుండా బిగించే చెక్క సీల కూడా తీసేశారు. ఖాళీ చిత్రికలు వెల్లకిలా వేసి అడుగు మీద నూలు దారం లాగి పట్టారు. అక్కడ అందరూ చూసే పద్ధతే అది. కాటోజు చిత్రిక మీద దారం అంటుకుని కూచుంది. అయితోజు చిత్రిక మీద దారం కింద వెంట్రుకంత వెలుగు కనిపించింది.

సీల బిగించి చూడండి అని అయితోజు చేతులు జోడించాడు. సీల దిగితే కర్ర ఒళ్ళు మారుతుంది, పనిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలా పెట్టి చూడండి అన్నాడు.

అప్పుడు కాటోజు పదిమందిలో నవ్వాడు. "సీల తీసినా బిగించినా కర్ర కర్రే. నీ చెయ్యి ఎడమ, నీ చిత్రిక వంకర," అన్నాడు.

పదిమందీ నవ్వారు. ఇక మీదట అయితోజు పలక అంచు ముట్టకూడదని తీర్పయింది. అతను పెళ్ళాన్నీ రెండేళ్ళ బిడ్డనీ తీసుకుని ఏరు దాటాడు. నాగళ్ళూ కాడులూ చేసుకుని బతికాడు. నాగలికి పొడుగు చిత్రిక అక్కర్లేదు.

నీళ్ళ పాలైన విత్తనాలకీ, తన పేరుకి అంటిన మచ్చకీ, అన్నిటికీ అయితోజే కారణమని కాటోజు ఈ పద్దెనిమిదేళ్ళూ లోపల కక్ష పెంచుకున్నాడు. తరవాత ఆయన పలకల్లో సందులు రాలేదా అంటే వచ్చాయి. కర్ర పచ్చిదన్నాడు, కోతవాళ్ళ రంపం మంచిది కాదన్నాడు, పైన బద్ద కొట్టి కప్పేశాడు.

ఇప్పుడు ఆ చిత్రిక తన ముందు ఉంది. ఆయన ఉలి తీశాడు, సీల తీశాడు, దారం లాగి పట్టాడు. దారం కింద వెంట్రుకంత వెలుగు. అప్పటిలాగే.

"చూశావా పిల్లా," అన్నాడు. గొంతులో సంతోషం దాగలేదు. "ఆ రోజూ ఇంతే, ఈ రోజూ ఇంతే. తీసుకుపో."

మాచమ్మ కదల్లేదు. తల ఎత్తి అడిగింది. "నువ్వు పలకకి అంచు పట్టేటప్పుడు సీల తీసేసి పడతావా పెదనాన్నా?"

కాటోజు తీసి పెట్టిన సీల వైపు చూశాడు.

ఆయన ఎంత కక్షగలవాడైనా పనివాడు. పనివాడి చేతులు అబద్ధం ఆడటానికి ఒప్పుకోవు. ఆ చేతులే ఉలి తీసుకుని చిత్రికలో పెట్టాయి. ఆ చేతులే సీల దించి, సుత్తితో రెండు దెబ్బలు వేశాయి. మళ్ళీ దారం లాగాయి.

దారం అడుగుని ఈ చివర నుంచి ఆ చివరదాకా అంటుకుంది. ఎక్కడా వెలుగు లేదు.

ఆయన నోటి సందు చూశాడు. గడ్డి పరక దూరనంత ఇరుకు. అంటే ఆ అడుగుని తరవాత ఎవరూ అరగదీయలేదు, సరిచేయలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట పంచాయితీలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అప్పుడూ తిన్నగానే ఉంది.

ఇంకొక్కటి మిగిలింది. అది చూడాలని ఆయనకి లేదు, చూడకుండా ఉండటం చేతకాలేదు. గోడకి ఉన్న తన చిత్రిక దించాడు. అది ఖాళీగా ఉంటే దారానికి తిన్నగా ఉండేది. ఆయన ఎప్పుడూ ఖాళీగానే సరిచేసేవాడు కదా. ఇప్పుడు ఉలి పెట్టి, సీల బిగించి, దారం లాగాడు. నడుమ అడుగు ఉబ్బి దారాన్ని పైకి తోసింది. రెండు చివర్లా బియ్యపు గింజ పట్టేంత ఎడం.

కాటోజు తన చిత్రిక పక్కన పెట్టి, మొద్దు మీద కూచున్నాడు.

ధర ఎంత అని అడిగాడు.

"నాన్న మంచం పట్టాడు. ఇంకెన్నాళ్ళో ఉండడు," అంది మాచమ్మ. "డబ్బు వద్దన్నాడు. నువ్వు వచ్చి, నీ చిత్రిక వంకర కాదు అని ఒక్క మాట ఆయన చెవిన వేస్తే చాలట. పని అయ్యేదాకా చిత్రిక ఇక్కడే ఉంచుతాను. గాదె నలభై ఊళ్ళది."

రేపు వస్తాను అన్నాడు కాటోజు. నిజంగానే అన్నాడు.

మరునాడు ఆయన ఆ చిత్రికతో మొదటి పలక పట్టాడు. ఎడమ పిడి కుడి చేతికి అలవాటవడానికి కొంచెం సేపు పట్టింది. తరవాత పది మూరల పొట్టు ఒక్కటిగా, ఉల్లిపొరలా లేచి వచ్చింది. జతగాడు లేడు కనక ఎదురు పలక అంచు కూడా తనే పట్టి, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి సూర్యుడికి ఎదురుగా చూశాడు. వెలుగు దూరలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత చక్కటి కూర్పు చూడలేదు. పని మంచి ఊపులో ఉంది, ఆపకూడదు, రేపు వెళ్దాం అనుకున్నాడు. ఆ అంచు ఎంత తిన్నగా ఉంటే, వెళ్ళాలంటే ఆయనకి అంత బరువుగా ఉంది.

రెండో రోజు ఏరవతలి నుంచి గడ్డి అమ్ముకునే మనిషి వచ్చి, అయితోజు కాటోజు కోసం అడుగుతున్నాడని చెప్పింది. కాటోజు ఆమెకి మజ్జిగ ఇప్పించి కబురు పంపాడు. మూలన మంచం దగ్గర చెబితే ఏం గౌరవం, గాదె నిలబెట్టిన రోజున రాజుగారి ముందు, నలభై ఊళ్ళ పెద్దల ముందు చెబుతాను, అప్పటిదాకా ఓపిక పట్టమను అని. చెప్పాక ఆ మాట తనకే ఎంతో న్యాయంగా అనిపించింది. పిల్లలూ, మనసు తప్పించుకోవాలనుకున్నప్పుడు ఇంత అందమైన దారులే వెతుక్కుంటుంది.

మూడో రోజు ఆయన బయల్దేరాడు. ఏటి రేవు దాకా వెళ్ళాడు. అక్కడ నాగిసెట్టి బళ్ళు దాటిస్తున్నాడు. ఎక్కడికి ఓజుగారూ, అవతల మీకేం పని అని మామూలుగానే అడిగాడు. అయితోజు దగ్గరికి అనే మాట కాటోజు నాలుక దాకా వచ్చింది. చిలకా పంజరమూ అని తను అన్న మాట సెట్టి మరిచిపోయి ఉండడు, ఇప్పుడు తెలిస్తే ఊరంతా చాటుతాడు అనుకున్నాడు. తను మరిచిపోనివాడు కదా, లోకమంతా అలాంటిదే అనుకున్నాడు. కర్ర చూడ్డానికి వచ్చానని చెప్పి, రేవులో కాళ్ళు కడుక్కుని వెనక్కి తిరిగాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఏరు దాటాడు. ఇల్లు అడగనక్కర్లేకపోయింది. ఒక గుమ్మం ముందు కుండపెంకులో నిప్పు రాజుకుని పొగ లేస్తోంది. చావు జరిగిన ఇంటి ముందు పెట్టే నిప్పు.

కాటోజు కాళ్ళు ఆ పొగ దగ్గరే ఆగిపోయాయి. వాకిట్లో పదిమంది నిలబడి ఉన్నారు. అరుగు మీద అయితోజు పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి పక్కన చాపి ఉంది.

మాచమ్మ బయటికి వచ్చింది. ఏడవడం అయిపోయిన ముఖం.

"వచ్చారా ఓజుగారూ," అంది. పెదనాన్నా అనలేదు.

ఆమే చెప్పింది.

"మొదటి రోజు కాళ్ళ చప్పుడు వినబడినప్పుడల్లా లేపి కూచోబెట్టమన్నాడు. పడుకుని ఉంటే అన్నకి మర్యాద కాదన్నాడు. రెండో రోజు లేవలేకపోయాడు, తలుపు తీసే ఉంచమన్నాడు. మూడో రోజు పొద్దుగూకేటప్పుడు తనే తలుపు వేసెయ్యమన్నాడు."

కాటోజు అరుగు దగ్గరికి వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూచున్నాడు. ఆ చెవి దగ్గర నోరు పెట్టి, పదిమందికీ వినబడేలా అన్నాడు. "తమ్ముడూ, నీ చిత్రిక వంకర కాదు. నాది వంకర. అప్పుడూ నాదే."

అయితోజు ముఖంలో ఏమీ మారలేదు. మళ్ళీ అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు. అక్కడున్న ముసలాయన ఒకడు వచ్చి భుజం పట్టుకుని లేపాడు.

తొలకరికి రెండు రోజుల ముందు గాదె నిలబడింది. రాజుగారు వచ్చారు, నలభై ఊళ్ళ పెద్దలు వచ్చారు. కాటోజు రెండు చిత్రికలూ తెచ్చి అందరి ముందూ సీల బిగించి, దారం రాజుగారి చేతికే ఇచ్చి పట్టించాడు. ఒకదాని మీద దారం అంటుకుంది, రెండోదాని మీద లేచింది. లేచినది తనదని చెప్పాడు. దుంపలు తిన్న ఏటి పాపం తనదేనని చెప్పాడు. మెళ్ళోని పెద్దరికపు కండువా తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు.

అయితోజు మీద తీర్పు కొట్టేశారు. గాదె మీద ముందు అతని పేరు చెక్కించమన్నారు రాజుగారు. ఇంకేం కావాలో కోరుకోమని మాచమ్మని అడిగారు.

"ఏమీ వద్దు దొరా. వినవలసినాయన విని ఉంటే ఈ చెక్కడాలు అక్కర్లేకపోయేవి," అని ఆమె చిత్రిక పంచలో చుట్టుకుంది. వాడనప్పుడు కర్ర బిగువుకి ఒంగిపోకుండా సీల వదులు చేసి మరీ చుట్టుకుంది. మంచి పనివాడి కూతురు కదా.

ఆ ఏడు గాదెలోకి చుక్క నీరు దిగలేదు. నలభై ఊళ్ళూ విత్తుకున్నాయి, పంట ఇంటికొచ్చింది. కొట్టానికి కొత్త పెద్ద వచ్చాడు. చిత్రికని సీల బిగించి చూడటం ఆ రాజ్యంలో అప్పటి నుంచే మొదలైంది.

కాటోజు మాత్రం రోజూ పొద్దుటే ఏరు దాటి, అయితోజు అరుగు మీద ఒక మూల కూచునేవాడు. మాచమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టేది. తాగి, చెంబు బోర్లించి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ పిల్ల నోటి వెంట పెదనాన్నా అనే పిలుపు మళ్ళీ రాలేదు. ఆయనా అడగలేదు.

కాబట్టి పిల్లలూ, ఒకరి మీద మనం వేసిన నింద అబద్ధమని తెలిసిన రోజునే లేచి వెళ్ళి వాళ్ళ చెవిన పడేలా ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆ తలుపు మన కోసం ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందో మనకి తెలియదు.